తుంగభద్ర ఆయకట్టులోని తెలుగు క్యాంపుల చరిత్ర: ముందుగా దేనిని భద్రపరచాలి?

ప్రశ్న

మాది కర్ణాటకలో సింధనూరు దగ్గరి ఒక చిన్న క్యాంపు. తుంగభద్ర ఎడమ కాలువకు 1953లో నీళ్లు వదలడం మొదలయ్యాక గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల రైతు కుటుంబాలు తమకున్న కొద్దిపాటి మాగాణి అమ్ముకొని, ఆ డబ్బుతో ఇక్కడ అంతకు ఎన్నో రెట్లు నల్లరేగడి కొనుక్కొని, పొలాల మధ్యనే గుడిసెలు వేసుకొని స్థిరపడ్డాయి. అటువంటి ఊళ్లను ఈ ప్రాంతంలో ఇప్పటికీ క్యాంపులనే పిలుస్తారు. మా తాతగారు ఆ తరంవారే. ఆ తరంలో మా క్యాంపులో ఇప్పుడు నలుగురు మాత్రమే మిగిలారు.

మేము పదిమందిమి కలిసి ఒక స్థానిక చరిత్ర సంఘం పెట్టాలని నిశ్చయించుకున్నాము. పాత బియ్యం మిల్లులో ఒక గది ఇస్తామన్నారు. నాగళ్లు, ఎడ్లబండి చక్రాలు, ఇత్తడి బిందెలు, సొంత ఊళ్ల నుంచి తెచ్చుకున్న ట్రంకుపెట్టెలు సేకరించి అక్కడ ప్రదర్శనకు పెట్టాలని ఎక్కువమంది అభిప్రాయం. మా దగ్గరున్న కొద్ది డబ్బునూ సమయాన్నీ ముందు దేనికి వినియోగించాలో అనుభవమున్నవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

మొదటి సమాధానం

మాది గంగావతి వైపు క్యాంపు అండీ. చెదలు పట్టకుండా చూసుకుంటే నాగలి మరో పదేళ్లు చూరు కింద ఉన్నా ఏమీ కాదు. ఆ నలుగురి విషయం అలా కాదు. గది తాళం తీయకముందే వారి మాటలు రికార్డు చేయండి. మేము ఈ పనిని తలకిందులుగా చేశాము: మొదటి ఏడాదంతా గదికి సున్నాలు, అరలు, బోర్డులతోనే గడిచిపోయింది, ఆ ఏడాదిలోనే మా క్యాంపుకు మొదటి బావి ఎవరు తవ్వించారో, ఎందుకు పూడ్చారో తెలిసిన ఒకే ఒక పెద్దావిడ కన్నుమూశారు. ఆ బాధ నన్ను ఇప్పటికీ వదలలేదు.

"అప్పట్లో జీవితం ఎలా ఉండేది" అని అడిగితే "నానా కష్టాలూ పడ్డాం నాయనా" అన్న మాటతో సంభాషణ ముగిసిపోతుంది. వానాకాలంలో రేగడి బురదలో బండి దిగబడితే ఉప్పూ కిరసనాయిలూ ఎలా తెచ్చుకునేవారో, చలిజ్వరం వచ్చినవారిని ఎక్కడికి మోసుకెళ్లేవారో, మొదటి కాన్పు ఎవరి చేతుల మీదుగా జరిగిందో, జొన్నచేనును వరిమడిగా చదును చేయడానికి ఎన్ని జతల ఎడ్లు కట్టారో అడగండి. ఆడవారిని విడిగా, వంటింటి వసారాలో కూర్చోబెట్టి అడగడం మంచిది. మగవారి ఎదుట వారు మాట్లాడరు. ట్రంకుపెట్టెను వారి ముందు పెట్టి తెరవమంటే ఒక్కొక్క వస్తువుకు ఒక్కొక్క కథ బయటికి వస్తుంది. వారి అనుమతిని కూడా రికార్డులోనే చెప్పించుకొని, ప్రతి రికార్డుకు రెండు ప్రతులు తీసి వేర్వేరు ఇళ్లలో ఉంచండి.

రెండవ సమాధానం

పై సలహాతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. దానితోపాటు కాగితాల సంగతి కూడా చూడండి. 1956 నవంబరు వరకు రాయచూరు జిల్లా హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది కనుక మీ తొలి కొనుగోళ్ల దస్తావేజులు, పహాణీలు (భూమి, పంట వివరాల రికార్డులు) కొన్ని ఉర్దూలో ఉండవచ్చు. చదవడం రాక పనికిరానివనుకొని ఎవరూ పారవేయకుండా ముందే చెప్పి ఉంచండి. దయచేసి దేనినీ లామినేషన్ చేయించకండి. ఆ వేడికి, జిగురుకు కాగితం పాడవుతుంది, ఆ పొరను మళ్లీ విడదీయడం దాదాపు అసాధ్యం. తుప్పు పట్టిన గుండుసూదులు తీసివేసి, రెండు వైపులా స్కాన్ చేసి, అసలు కాగితాన్ని ఆ ఇంటివారికే తిరిగి ఇచ్చివేయండి. ఫోటోల వెనుక పేర్లు మెత్తటి పెన్సిలుతోనే రాయాలి.

దున్నేటప్పుడు దొరికిన పాత నాణేలనో విగ్రహాలనో ఎవరైనా తెచ్చి ఇస్తే మాత్రం గదిలో పెట్టుకోకూడదు. 1962 నాటి కర్ణాటక నిధి చట్టం ప్రకారం వాటి గురించి డిప్యూటీ కమిషనరుకు (జిల్లా కలెక్టరుకు) తెలియజేయాలి.

మూడవ సమాధానం

నాది ఒక అభ్యంతరం. మన పెద్దల కష్టాన్ని నేను తక్కువ చేయడం లేదు. అయితే "అడవిని పొలం చేశాము" అన్న మాటతో మన క్యాంపు చరిత్రలన్నీ మొదలవుతున్నాయి, అది నిజం కాదు. ఆ నేలలో జొన్న, పత్తి పండించిన కన్నడ రైతులు ఉన్నారు. వారు అమ్మితేనే మనవారు కొన్నారు. ప్రభుత్వం ఆ ఆయకట్టులో చాలా భాగాన్ని ఆరుతడి పంటలకే ఉద్దేశించగా, కాలువ పైభాగంలో వరి విస్తరించడంతో చివరి భూములకు నీరు అందని తగాదా మొదలైంది. అది కూడా మీ రికార్డులలో ఉండాలి. నాట్లు వేసిన, కోతలు కోసిన కూలీల మాటలూ ఉండాలి.

ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ కోసం కావలి సోదరులు మొదలైనవారు సేకరించిన కైఫీయతులు (ఊరూరి వృత్తాంతాలు) మన గ్రామచరిత్రలకు పెద్ద ఆధారం. అయితే వాటిలో ఎక్కువగా వినిపించేది ఊరి లెక్కలు రాసే కరణాల గొంతే. ఆ ఊళ్లలోని పాలేరు ఏమనుకున్నాడో తెలుసుకునే దారి మనకు మిగలలేదు. మీకు ఆ అవకాశం ఇంకా ఉంది.

ప్రశ్న అడిగినవారి జవాబు

అందరికీ కృతజ్ఞతలు. గది పనిని వచ్చే ఏడాదికి వాయిదా వేశాము. ఈ ఆదివారం మా పెదనాయనమ్మగారితో మొదలుపెడుతున్నాము. మా తాతగారికి పొలం అమ్మిన గౌడరి కుమారుడు పక్క ఊళ్లోనే ఉన్నారని, ఇన్నేళ్లలో ఆయనను ఈ విషయం మేమెవరమూ అడగలేదని మూడవ సమాధానం చదివాకే నాకు తట్టింది. నిన్న ఫోను చేశాను. కన్నడంలోనే మాట్లాడతానని, ఆ రోజు ఎకరానికి ఎంత ఇచ్చారో తనకు బాగా గుర్తుందని, తీరికగా రమ్మని అన్నారు.