చర్చ: ఫౌజ్ నుంచి వచ్చిన మనిషికి కొండలు, చెరువులు, అడవులు మందవుతాయా?

నల్లమల కోడలు
అందరికీ నమస్తే. మా ఆయన ఇన్‌ఫాంట్రీలో హవల్దార్‌గా చేసి పోయిన ఏడాది పెన్షన్ మీద ఇంటికొచ్చారు. మాది గిద్దలూరు పక్క ఊరు, మా వైపు వీధికి ఎంతమంది ఫౌజీలు ఉంటారో మీకు తెలిసిందే. సర్వీసులో ఎక్కువ కాశ్మీరే, అక్కడ ఉగ్రవాదుల్ని ఏరే రాష్ట్రీయ రైఫిల్స్‌లో కూడా చేశారు. వచ్చిన దగ్గర్నుంచీ నిద్ర లేదు, తెల్లవార్లూ మిద్దె మీద తిరుగుతూనే ఉంటారు. పెళ్లి ఊరేగింపులో టపాకాయలు పేలితే పాపను ఎత్తుకుని గోడ చాటుకి పరిగెత్తారు, అందరూ నవ్వారు, అంతే, ఇంక ఏ ఫంక్షన్‌కీ రావడం మానేశారు. సైకియాట్రిస్ట్ పీటీఎస్‌డీ అన్నారు, అంటే భయంకరమైనవి చూసినవాళ్ల మనసుకి తగిలే గాయం అట, మాత్రలు రాశారు. దాంతోపాటు బయట తిప్పండి, కొండలు, నీళ్లు, చెట్లు, తోటి ఫౌజీలతో అయితే ఇంకా మంచిది అన్నారు. ఎక్కడికి, ఎవరితో అనేది చెప్పలేదు. ఇలా చేసి తేరుకున్నవాళ్లు ఉన్నారా? మన రెండు రాష్ట్రాల్లో ఇలాంటి గ్రూపులు ఉన్నాయా? మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్‌లో దీనికేమైనా వస్తుందా? మేం ఆడవాళ్లం వెంట వెళ్లొచ్చా?

మంచుకొండ
కొండలెక్కమన్న ఆ డాక్టర్‌ను ఒక్కసారి సియాచిన్ బేస్ క్యాంప్ నుంచి పైకి పంపండి, మళ్లీ ఆ మాట అనడు. పగలు మంచు మెత్తబడుతుందని రాత్రిపూట నడిచేవాళ్లం, అందరి నడుములకీ ఒకటే తాడు, ముందువాడు పగుల్లో పడితే వెనకవాళ్లు లాగాలి. మా అల్లుడు డబ్బు కట్టి మరీ హిమాచల్‌లో ట్రెక్కింగ్‌కి వెళ్లి ఫొటోలు పంపుతాడు, అవి చూస్తేనే నాకు కాలివేళ్లు జివ్వుమంటాయి. నాకు నెమ్మది ఇచ్చింది మా గూడూరు నిమ్మతోట. పొద్దున్నే మడవ తిప్పడానికి వెళ్తే రెండు మూడు గంటలు ఎవడూ నన్ను 'ఎలా ఉన్నావ్' అని అడగడు. చెల్లెమ్మా, ఆయన్ని ఎక్కడికీ తిప్పకండి, మీకు పొలం ఉంటే ఒక ఎకరం ఆయన చేతిలో పెట్టండి.

భువనగిరి బాబు
అంకుల్, ట్రెక్కింగ్ అంటే అందరికీ సియాచిన్ కాదు కదా. మా గ్రూప్‌లో ఇద్దరు రిటైర్డ్ ఆర్మీ అంకుల్స్ ఉన్నారు, భువనగిరి గుట్ట మీద రాక్ క్లైంబింగ్ చేస్తారు. గురుకులం పిల్లలు పూర్ణ, ఆనంద్ 2014లో ఎవరెస్ట్ ఎక్కడానికి ముందు ట్రైనింగ్ మొదలుపెట్టింది ఈ బండ మీదే. క్లైంబింగ్‌లో కింద తాడు పట్టుకునేవాడిని నమ్మి తీరాలి, వేరే దారి లేదు. ఆ అంకుల్స్‌లో ఒకాయన మొదట్లో ఎవరి చేతికీ తాడు ఇచ్చేవాడు కాదు, ఇప్పుడు కాలేజీ పిల్లలు పట్టుకున్నా ఎక్కేస్తాడు. మా అందరికీ చాయ్ ఆయనే తాగిస్తాడు, పైసలు ఎవ్వరినీ ఇయ్యనియ్యడు.

గాలం గోపి
ఇవన్నీ ఎందుకండీ, గాలం వేయమనండి. మీకు కంభం చెరువు దగ్గరే కదా, అంత పెద్ద నీళ్లు పక్కన పెట్టుకుని భువనగిరి దాకా పోవడం ఏంటి? గట్టు మీద కూర్చుని బెండు వైపు చూస్తుంటే మనసులో ఇంకో ఆలోచనకి చోటుండదు. మా బావ ఆర్టిలరీలో చేసి వచ్చాడు, తుపాకుల మోతకి ఒక చెవి సరిగా వినపడదు, మనుషుల మధ్య కూర్చుంటే చిరాకు పడేవాడు. ఇప్పుడు ఆదివారం వస్తే నాకంటే ముందు ఎర సిద్ధం చేస్తాడు. పడితే ఇంటికి, పడకపోతే ఇంకా మంచిది, ఇంకో గంట కూర్చోవచ్చు.

చెరువు సంఘం
గోపి గారూ, మీకు చెరువంటే పిక్నిక్ స్పాట్‌లా ఉంది. చెరువుల్లో చేప పిల్లల్ని వదిలేది మేము, కాపలా కాసేది మేము, మా సహకార సంఘాలకి హక్కులున్న చెరువులు ఇవి. సరదా అని ఒకరు, మెడిటేషన్ అని ఒకరు, ఇప్పుడు వైద్యం అని ఇంకొకరు గాలం పట్టుకుని వస్తే మా పొట్టలు ఎలా నిండాలి?

గాలం గోపి
ఒక మనిషి ఒక గాలంతో పట్టే నాలుగు చేపలకి మీ సంఘం మునిగిపోతుందా సార్? దేశం కోసం చేసి వచ్చినవాడికి ఒక బొచ్చె ఇవ్వలేరా?

చెరువు సంఘం
దేశం పేరు ఎత్తకండి, మా తమ్ముడు కూడా ఆర్మీలోనే ఉన్నాడు. వాడు సెలవులో వచ్చినా ప్రెసిడెంట్‌ని అడిగే వేస్తాడు. అడిగితే మేము కాదనం. అడక్కుండా తెల్లారుజామున వచ్చి కొర్రమీనులు ఏరుకుపోయేవాళ్లతోనే మా గొడవ.

పచ్చని మనసు
అసలు ఒక ప్రాణి నోట్లో ముల్లు గుచ్చి, అది గిలగిల కొట్టుకుంటుంటే మనశ్శాంతి దొరుకుతుందని ఎలా అంటున్నారు? చావులు చూసి వచ్చిన మనిషికి ఇంకో చావు చూపించడం వైద్యమా? పక్షులు చూడమనండి. బైనాక్యులర్స్ వాడటం ఫౌజీలకి కొత్త కూడా కాదు.

గాలం గోపి
ఆదివారం మటన్ తినరా మీరు? ఊరికే అడుగుతున్నా.

పచ్చని మనసు
తినను. ఊరికే చెబుతున్నా.

మాధవరం మనవడు
చేపల సంగతి పక్కన పెట్టండి. గిద్దలూరు వాళ్లు వీధికి ఎంతమంది అని గొప్పగా అంటున్నారు గానీ, తాడేపల్లిగూడెం దగ్గర మా మాధవరాన్ని మిలిటరీ మాధవరం అంటారు, మొదటి ప్రపంచ యుద్ధం నుంచీ మాది అదే వరస. మా తాతల కాలంలో ఈ జబ్బుకి పేరే లేదు. సాయంత్రం అయితే పాత ఫౌజీలందరూ ఒక దగ్గర చేరి పేకాడుకునేవారు, పొద్దున కలిసి కాలవ గట్టున నడిచేవారు. అదే గ్రూపు, అదే థెరపీ. ఇప్పుడు ఎవడి ఇంట్లో వాడు ఫోన్ పట్టుకుని కూర్చుంటున్నాడు.

సుబేదార్ మేజర్ రిటైర్డ్
గుల్మార్గ్ హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూల్‌లో ఇన్‌స్ట్రక్టర్‌గా చేసినవాడిగా చెబుతున్నాను, ఈ విషయంలో ఇక్కడ నా అంత అనుభవం ఎవరికీ ఉండదు. వేలమంది జవాన్లకి ట్రైనింగ్ ఇచ్చాను. ఈ పీటీఎస్‌డీ గీటీఎస్‌డీ అమెరికా వాళ్లు కనిపెట్టిన మాట. రొటీన్ పోయింది కాబట్టి మనిషి చెదిరాడు, అంతే. పొద్దున నాలుగింటికి లేపండి, పీటీ చేయించండి, ఐదు కిలోమీటర్లు పరిగెత్తించండి, రాత్రి తొమ్మిదికి లైట్లు ఆర్పేయండి. నెల తిరిగేసరికి మనిషి మామూలవుతాడు. మాత్రలు పారేయండి.

మనసు మాట
సార్, మీ సర్వీసుకి నమస్కారం. కానీ మాత్రలు పారేయమని మాత్రం దయచేసి రాయకండి, డాక్టర్‌ని అడక్కుండా ఒక్కసారిగా ఆపితే నిద్ర ఇంకా చెడొచ్చు, చికాకు పెరగొచ్చు. నేను క్లినికల్ సైకాలజిస్ట్‌ని. పీటీఎస్‌డీ అనే పేరు వైద్య పుస్తకాల్లోకి 1980లో వచ్చిన మాట నిజమే, జబ్బు మాత్రం అంతకు ముందూ ఉంది, మొదటి ప్రపంచ యుద్ధంలో దాన్నే షెల్ షాక్ అన్నారు. బయట తిరగడం ఎందుకు పనిచేస్తుందంటే, పొద్దుటి వెలుతురు పడితే నిద్ర వేళలు సర్దుకుంటాయి, ఒళ్లు అలుస్తుంది, పక్కన మనిషి ఉంటాడు కానీ ఎదురుగా కూర్చుని ప్రశ్నలు వేయడు. అయినా ఇది అసలు చికిత్సకి తోడు మాత్రమే. జరిగిన దాన్ని కొద్దికొద్దిగా ఎదుర్కొనేలా చేసే మాటల చికిత్స, అవసరమైతే మందులు, వాటి పక్కన ఇది. ఇంకో ముఖ్యమైన మాట, చోటు చూసి ఎంచుకోవాలి. రాష్ట్రీయ రైఫిల్స్‌లో చేసినవాళ్లకి దట్టమైన అడవి అంటే సెర్చ్ ఆపరేషన్. మనకి ప్రశాంతంగా ఉన్న చోటే ఆయనకి భయం పుట్టొచ్చు.

సుబేదార్ మేజర్ రిటైర్డ్
పుస్తకాలు చదివి ఫౌజీలకి ఫౌజీ మనసు గురించి చెప్పకమ్మా. మా యూనిట్‌లో ఎవడికీ ఇలాంటివి లేవు.

మంచుకొండ
లేవా సాబ్, లేక ఉన్నాయని మీకు చెప్పే ధైర్యం ఎవడికీ లేదా? నాలుగింటికి విజిల్ వేసే మనిషి దగ్గరికి వచ్చి 'నాకు నిద్ర పట్టట్లేదు' అని ఎవడంటాడు?

సుబేదార్ మేజర్ రిటైర్డ్
మాట తీరు మార్చుకో. ర్యాంక్ చూసి మాట్లాడు.

మంచుకొండ
పెన్షన్ పుచ్చుకున్నాక ర్యాంక్ ఏంటి సాబ్. మీరూ నేనూ క్యాంటీన్‌లో ఒకే లైన్‌లో నిలబడతాం.

బస్తర్ బాట
ఆర్మీ వాళ్లు ఈసీహెచ్ఎస్, క్యాంటీన్ అని కొట్టుకుంటున్నారు, చూస్తే ముచ్చటగా ఉంది. నేను సీఆర్‌పీఎఫ్. ఛత్తీస్‌గఢ్ సుక్మాలో మావోయిస్టుల ఏరియాలో చేశాను. మాకు ఈసీహెచ్ఎస్ లేదు, ఎక్స్ సర్వీస్‌మెన్ అనే పేరు కూడా మాకు రాదు. సైకాలజిస్ట్ మేడమ్ అన్నది నూటికి నూరుపాళ్లు కరెక్ట్. మట్టి రోడ్డు మీద కొత్తగా తవ్వినట్టు కనిపిస్తే ఇప్పటికీ పక్కకి జరిగి నడుస్తాను, కింద మందుపాతర ఉందేమో అని. ఇంట్లోవాళ్లు ప్రేమగా మారేడుమిల్లి అడవికి తీసుకెళ్తే రిసార్ట్‌లో కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని తెల్లవార్లూ కాపలా కాశాను. నాకు సైకిల్ పనికొచ్చింది. ఎన్‌హెచ్ పక్కన, తెల్లారాక, చుట్టూ దూరం దాకా కనిపించే చోట.

వైజాగ్ నావికుడు
నీళ్లు, నీళ్లు అంటున్నారు గానీ ఎవరూ సముద్రం ఊసే ఎత్తరేంటి? నేవీలో చేసి విశాఖలోనే స్థిరపడ్డాను. రుషికొండలో పొద్దున ఈదుతాం, మాలో నేవీ వాళ్లు, ఆర్మీ వాళ్లు, ఒక రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్ ఉన్నాం. శాన్ డియాగోలో అమెరికా నేవీ ఆసుపత్రి అయితే సర్ఫింగ్‌నే చికిత్సలో భాగంగా పెట్టుకుంది, 2008 నుంచి నడుస్తోంది. మన దగ్గర అంత ఏర్పాటు లేకపోయినా హైదరాబాద్ వాళ్లకి హుస్సేన్ సాగర్‌లో సెయిలింగ్ ఉంది, ఆర్మీ మెకానికల్ విభాగం ఈఎంఈ వాళ్ల క్లబ్ ఎప్పటి నుంచో నడుస్తోంది.

డాలస్ జవాన్
నేను అమెరికా పౌరులు కానివాళ్లనీ సైన్యంలోకి తీసుకున్న మావ్నీ స్కీమ్‌లో యూఎస్ ఆర్మీలో చేరిన తెలుగువాడిని, ఇప్పుడు వెటరన్‌ని. ఇక్కడ ఇదంతా పెద్ద వ్యవస్థ. 2022 నవంబర్ నుంచి వెటరన్స్‌కి నేషనల్ పార్కులన్నిటికీ జీవితకాలం ఉచిత పాస్ ఇస్తున్నారు. వాల్టర్ రీడ్ ఆసుపత్రిలో గాయపడి వచ్చినవాళ్లతో 2005లో ఫ్లై ఫిషింగ్ మొదలుపెట్టారు, ఇప్పుడది దేశమంతా ఉంది, కాబట్టి గాలం గోపి గారి మాట తీసెయ్యకండి. అంతకు చాలా ముందు, 1948లో ఎర్ల్ షాఫర్ అనే ఆయన రెండో ప్రపంచ యుద్ధం నుంచి వచ్చి, చిన్ననాటి స్నేహితుడు జపాన్ దీవి ఇవో జిమా పోరులో పోయిన బాధ తట్టుకోలేక, జార్జియా నుంచి మెయిన్ దాకా అపలాచియన్ ట్రెయిల్ అనే కొండల కాలిబాట మొత్తం ఒక్కడే నడిచేశాడు. ఆ దారి అంతా ఒక్క విడతలో నడిచినట్టు నమోదైన మొదటి మనిషి ఆయనే. ఆయన్ని ఏ డాక్టరూ నడవమనలేదు.

పాలమూరు రాములు
అమెరికాల అయితే ఉచిత పాస్ ఇస్తరు, ఇక్కడ నల్లమల పోవాలంటే ఫారెస్టోళ్ల పర్మిషన్. మా దిక్కు అమ్రాబాద్, ఆంధ్ర దిక్కు నాగార్జునసాగర్-శ్రీశైలం, రెండూ టైగర్ రిజర్వులే, పులులున్న చోటు, ఇష్టమొచ్చినట్టు పోనియ్యరు. అది కరెక్టే గానీ, మాజీ సైనికులకు గైడ్ తోని వారానికోసారన్న పంపొచ్చు గద?

నల్లమల కోడలు
అన్నయ్యలూ, నేను అడిగినవాటిలో గ్రూపుల సంగతి కొంచెం తెలిసింది గానీ ఈసీహెచ్ఎస్ సంగతి, మా సంగతి ఎవరూ చెప్పలేదు, చేపల మీద మాత్రం ఇంకా కొట్టుకుంటున్నారు. సైకాలజిస్ట్ గారూ, మీరన్నది నిజం. ఒకసారి నెమలిగుండం గుడికి వెళ్తే చెట్లు దట్టమైన చోట ఆయన నన్నూ పాపనూ వెనక ఉండమని తను ముందు నడిచారు, చేయి చూపించి ఆపడం, సైగతో రమ్మనడం. నాకు అప్పుడు అర్థం కాలేదు. చెరువు గట్టు మీద మాత్రం బాగానే కూర్చుంటారు, అక్కడ అన్నివైపులా కనపడుతుంది కదా.

మనసు మాట
అయితే చెరువుతోనే మొదలుపెట్టండి. ఈసీహెచ్ఎస్ సంగతి: పాలీక్లినిక్ నుంచి రిఫరల్ తీసుకుంటే లిస్టులో ఉన్న ఆసుపత్రిలో సైకియాట్రీ చూపించుకోవచ్చు. ట్రెక్కులకి, క్యాంపులకి డబ్బు రాదు. రాత్రిపూట ఆయన మరీ ఇబ్బంది పడుతుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఏ వేళైనా తీస్తారు, తెలుగులో మాట్లాడొచ్చు. ఫోన్ మీరు చేసినా పర్వాలేదు.

ఫౌజీ భార్య
ఆడవాళ్లు వెళ్లొచ్చా అన్న దానికి నేను చెబుతా. మొదట్లో వెళ్లకు అక్కా. మనం పక్కన ఉంటే వాళ్లు మనల్ని కాపాడే డ్యూటీలో ఉంటారు, మీ గుడి సంగతి చూశావు కదా. మా ఆయన తోటివాళ్లతో నడిచి వచ్చిన రోజు బాగా పడుకునేవారు, నాతో వచ్చిన రోజు మళ్లీ మిద్దె మీదే. నాకు కోపం వచ్చేది, ఎందుకు రాదు, ఇన్నేళ్లు ఎదురుచూసింది నేను, నిద్ర మాత్రం ఎవరో సుబేదార్ పక్కన నడిస్తే పడుతుంది! ఆ టైమ్‌లో నేను మా పక్కింటి వదినతో వేరే వాకింగ్ పెట్టుకున్నా. మనకూ కావాలి కదా. ఇంకోటి, గ్రూప్ మంచిదే కానీ నడక అయ్యాక అందరూ కలిసి క్యాంటీన్ రమ్ తీస్తున్నారేమో చూసుకో. మా దగ్గర ఒక గ్రూపు అలాగే పాడైంది.

మాధవరం మనవడు
రమ్ మీద పడకండి మేడమ్, మితంగా అయితే తప్పేం లేదు.

ఫౌజీ భార్య
మితం ఎంతో మీ ఇంట్లో ఆవిడని అడిగి చెప్పండి.

సుబేదార్ మేజర్ రిటైర్డ్
హవల్దార్ గారికి నా నంబర్ ఇస్తాను, మెసేజ్ పెట్టమ్మా. మార్కాపురంలో ఉంటాను, దగ్గరే. పరుగు వద్దంటే వద్దు. నాకూ తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తుంది, ఎలాగూ ఖాళీగానే ఉంటాను.

మంచుకొండ
జై హింద్ సాబ్.

నల్లమల కోడలు
తప్పకుండా పెడతాను సార్. ఇదంతా ఆయనకి చదివి వినిపించాను. కొండల దగ్గర, పరుగు దగ్గర ఏమీ అనలేదు. కొర్రమీనుకి ఎర ఏం వేస్తారో కనుక్కోమన్నారు.

గాలం గోపి
చిన్న కప్పపిల్ల కట్టి గడ్డి పక్కన ఆడించమనండి, వానపాము వేస్తే జెల్లలు వచ్చి తినేస్తాయి. బొచ్చె కావాలంటే తవుడు ముద్ద. పచ్చని మనసు గారు ఈ పోస్ట్ చదవొద్దు.

చెరువు సంఘం
ముందు అక్కడి సంఘం ప్రెసిడెంట్‌ని అడగమనండి. ఫౌజీ అని చెప్పమనండి, ఒప్పుకుంటారు. కొర్రమీను పిల్లల్ని వెంటేసుకుని తిరుగుతుంటే మాత్రం పట్టొద్దు, ఆ గుంపంతా పోతుంది.