కడప టూరిజం సైటు: ఇప్పుడు నడుస్తున్న భాష ఏదో చూపడం ఎట్లా?

గండికోట_లోయ: గండికోట, ఒంటిమిట్ట, అమీన్ పీర్ దర్గా పేజీలు తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడింట్లోనూ ఉన్నాయి. పైన గ్లోబు బొమ్మ నొక్కితే భాషల జాబితా వస్తుంది, కానీ ఇప్పుడు ఏ భాషలో ఉన్నామో ఎక్కడా కనపడదు. జెండాలు పెట్టమని ఒకరు, రంగు మార్చమని ఇంకొకరు అంటున్నారు. ఏది మేలు?

పెన్నా_గట్టు: జెండా వద్దన్నా. జెండా దేశానిది, భాషది కాదు. తెలుగుకూ ఉర్దూకూ ఒకే జెండా పెడతారా? ఉండేదే మూడు భాషలు, వాటిని గ్లోబు కింద దాచే పనే లేదు. ఏ భాష పేరు ఆ లిపిలోనే రాసి పక్కపక్కన పెట్టండి. నడుస్తున్న భాషకు బోల్డ్, కింద గీత. రంగొక్కటే మారిస్తే మిట్టమధ్యాహ్నం కోట మీద ఫోన్ చూసేవాళ్లకు తేడా తెలీదు. స్క్రీన్ రీడర్ (తెర మీది రాతను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్ల కోసం ఆ పేరుకే ఏరియా-కరెంట్ (aria-current, ఇప్పుడున్నది ఇదే అని చెప్పే గుర్తు) విలువ ట్రూ అని ఇవ్వండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఒంటిమిట్ట పేజీలో ఉర్దూ నొక్కితే ఉర్దూ ఒంటిమిట్ట పేజీనే తెరుచుకోవాల. హోమ్ పేజీకి తోలితే మళ్లీ మొదట్నుంచి వెతుక్కోవాల్సొస్తుంది, అది చూసేవాళ్లకు అన్యాయం.

బ్రౌన్‌పేట: పైకి కనపడేది సరిచేసి లోపలిది వదిలేయొద్దు. ప్రతి పేజీ హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌లో లాంగ్ (lang, పేజీ ఏ భాషదో చెప్పేది) విలువ ఉండాల: తెలుగుకు టి, ఇ; ఉర్దూకు యు, ఆర్. తెలుగుకు టి, ఎల్ అని రాసేస్తుంటారు, అది ఫిలిప్పీన్స్‌లోని టాగలాగ్ కోడ్. లాంగ్ తప్పయితే స్క్రీన్ రీడర్ వేరే భాష గొంతు ఎత్తుకుంటుంది.

ఉర్దూ పేజీకి డిర్ (dir, రాత ఏ దిక్కుకు సాగాలో చెప్పేది) విలువ ఆర్‌టీఎల్, అంటే కుడి నుంచి ఎడమకు. పేజీ రూపం దిద్దే సీఎస్‌ఎస్‌లో మార్జిన్-లెఫ్ట్ బదులు మార్జిన్-ఇన్‌లైన్-స్టార్ట్ వాడితే పై పట్టీ దానంతటదే అటు తిరుగుతుంది. ఉర్దూ రాసే నస్తాలీఖ్ శైలి అక్షరాలు ఏటవాలుగా కిందికి దిగుతాయి కాబట్టి లైన్-హైట్ (వరస ఎత్తు) 2 దాకా పెంచండి, లేకుంటే వరసలు ఒకదాని మీదొకటి ఎక్కుతాయి. ఫోన్ నంబర్లు కూడా చూసుకోండి: ఉర్దూ వాక్యం మధ్య కడప ఎస్‌టీడీ కోడ్ 08562 తర్వాత ఖాళీ ఇచ్చి నంబరు రాస్తే కోడ్, నంబరు తారుమారై కనపడతాయి. నంబరు మొత్తాన్ని డిర్ ఎల్‌టీఆర్ (ఎడమ నుంచి కుడికి) ఇచ్చిన స్పాన్ ట్యాగ్‌లో పెట్టండి.

గండికోట_లోయ: బ్రౌజర్ భాషను బట్టి మనమే మార్చేస్తే?

పెన్నా_గట్టు: వద్దు. మన దగ్గర తెలుగు చదివేవాళ్ల ఫోన్లు కూడా చానా వరకు ఇంగ్లీషులోనే ఉంటాయి. భాషకో వెబ్ చిరునామా పెట్టండి, మార్చుకున్నది కుకీలో (బ్రౌజర్ గుర్తుపెట్టుకునే చిన్న సమాచారం) దాచి హోమ్ పేజీకి మాత్రమే వాడండి. ఒకే చిరునామాలో కుకీని బట్టి భాష మారిస్తే, క్యాష్ (త్వరగా చూపేందుకు దాచిన పేజీ నకళ్లు) ఒకరి ఉర్దూ పేజీని ఇంకొకరికి చూపించొచ్చు.