సంపు, పై ట్యాంకు నీటిమట్టం ఫోనులో చూడాలి: మోటారును కూడా నెట్‌కు అప్పగించవచ్చా?

ప్రశ్న: మియాపూర్ నివాసి

అందరికీ నమస్కారం. మాది హైదరాబాద్ మియాపూర్‌లో అయిదంతస్తుల, 20 ఫ్లాట్ల అపార్ట్‌మెంటు. జలమండలి వదిలే మంజీరా నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి. బోరు ఫిబ్రవరి దాకా పరవాలేదు గానీ, ఆ తరువాత అరగంట పోసి ఆగిపోతుంది కాబట్టి వానలు పడేదాకా ట్యాంకర్లే మాకు గతి. సంపులో ఎన్ని నీళ్ళున్నాయో తెలియాలంటే వాచ్‌మన్ ఇనుప మూత ఎత్తి టార్చిలైటు వేసి చూడాలి. అతను ఊరికి వెళ్ళిన రోజున ఆ పని ఎవరిదీ కాకుండా పోతుంది, ఉదయం 7 గంటలకు నాలుగో అంతస్తు నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి.

ఈ ఏడాది సంఘం కార్యదర్శి బాధ్యత నామీద పడింది. మొన్న ఒక సంస్థ ప్రతినిధి వచ్చి, రెండు ట్యాంకుల్లోనూ సెన్సర్లు బిగించి నీటిమట్టం అందరి ఫోన్లలో కనిపించేలా చేస్తామని, మోటారును తమ సర్వరు నుంచే నడుపుతామని, దానికి ఏడాది చందా కట్టాలని చెప్పారు. ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్ (వస్తువులను నెట్‌కు కలపడం) అన్న మాట ఆయన నోట పదిసార్లయినా వచ్చింది గానీ, రాత్రిపూట నెట్ పోతే నడుస్తున్న మోటారు సంగతేమిటని అడిగితే మాత్రం నవ్వి ఊరుకున్నారు. అనుభవం ఉన్నవారు సలహా ఇవ్వగలరు. 5,000 లీటర్లని చెప్పే ట్యాంకరు నిజంగా అన్ని నీళ్ళు పోస్తున్నదో లేదో ఈ సెన్సర్లతో తేల్చవచ్చునా, ఫ్లాటుకొక మీటరు పెట్టడం సాధ్యమేనా అన్న సంగతి కూడా చెప్పండి.

జవాబు: కూకట్‌పల్లి మాజీ కార్యదర్శి

మీరు అడిగిన ప్రశ్నకు ఆయన నవ్విన నవ్వే జవాబండీ. మేము రెండేళ్ళ క్రితం ఇలాంటి ఏర్పాటే చేయించుకున్నాము, ఆ సంస్థ పేరు ఇక్కడ అనవసరం. పై ట్యాంకు నిండిందన్న కబురు ముందు సర్వరుకు వెళ్ళి, అక్కడి నుంచి ఆపమన్న ఆజ్ఞ తిరిగి మోటారుకు రావాలి. ఒక రాత్రి వాచ్‌మన్ గదిలో రౌటరు ఆగిపోయింది. తెల్లవారేసరికి సంపు ఖాళీ, మెట్లన్నీ తడి, లిఫ్టు గుంతలో మోకాలి లోతు నీళ్ళు. లిఫ్టు బాగుచేయడానికి అయిన ఖర్చు ఆ సెన్సర్ల ఖరీదును మించిపోయింది. ఆరు నెలల తరువాత ఆ సంస్థ సర్వరునే మూసేసింది, యాప్ తెరిస్తే తెల్ల తెర తప్ప ఏమీ కనిపించేది కాదు. ఇప్పుడు పై ట్యాంకులో మామూలు ఫ్లోట్ స్విచ్ (నీటి మీద తేలుతూ మట్టం పెరగగానే పనిచేసే స్విచ్) ఉంది, అదే మోటారును ఆపుతుంది. ఫోనులో మట్టం చూసుకునే సౌకర్యం దానికి తోడుగా పెట్టుకున్నాము, అంతే.

జవాబు: ఎంబెడెడ్ ఇంజనీరు, నల్లగండ్ల

పైన చెప్పిన అనుభవంలోనే అసలు సూత్రం ఉంది. మోటారును ఆపే నిర్ణయం మోటారు పక్కనే జరగాలి, నెట్ ఉన్నది మనం చూసుకోవడానికి, కబురు అందుకోవడానికి. ఏ సంస్థకు పని అప్పగించినా, రౌటరు ప్లగ్ పీకేసి, ట్యాంకు నిండగానే మోటారు ఆగుతున్నదో లేదో మీ కళ్ళముందు చూపించమనండి. చూపించలేకపోతే బేరం అక్కడితో ఆపేయవచ్చును.

సెన్సరు విషయానికి వస్తే, చవకగా దొరికేది అల్ట్రాసోనిక్. మూత కింద బిగిస్తే అది 40 కిలోహెర్ట్‌జ్ ధ్వనిని కిందికి పంపి, నీటి ఉపరితలాన్ని తాకి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం లెక్కగడుతుంది. ఇందులో మూడు చిక్కులున్నాయి. నీటికి తట్టుకునే రకాలు దాదాపు 20 నుంచి 25 సెంటీమీటర్ల లోపు దూరాన్ని చదవలేవు కాబట్టి, ట్యాంకు అంచు దాకా నిండి మనకు లెక్క కావలసిన సమయంలోనే అవి తప్పుడు అంకెలు చూపిస్తాయి. సెన్సరును ట్యాంకు పై అంచు కన్నా ఎత్తులో, గొట్టం ముక్క మీద నిలబెడితే ఇది తీరుతుంది. రెండోది ఉష్ణోగ్రత. గాలిలో ధ్వని వేగం 30 డిగ్రీల దగ్గర సెకనుకు సుమారు 349 మీటర్లు, 45 డిగ్రీల దగ్గర సుమారు 358 మీటర్లు ఉంటుంది. మన మే నెల ఎండలో మిద్దెమీద ట్యాంకు లోపలి గాలి ఎంత వేడెక్కుతుందో మీకు తెలియనిది కాదు. రెండు మీటర్ల లోతుకు ఈ ఒక్క కారణంగానే అయిదు సెంటీమీటర్ల దాకా తేడా వస్తుంది కనుక పక్కనే ఉష్ణోగ్రత సెన్సరు పెట్టి సరిదిద్దుకోవాలి. ఇక మూడోది, పైపు నుంచి పడే నీటిధార. అది సెన్సరు చూపుకు అడ్డం పడకుండా దూరంగా బిగించాలి.

సంపు మట్టుకు నేనైతే నీటి అడుగున వేలాడదీసే పీడన సెన్సరునే వాడతాను. ఖరీదు ఎక్కువే గానీ ఆవిరి, వేడి, నీటిధార దాన్ని ఏమీ చేయలేవు. నీటిమట్టాన్ని కరెంటు రూపంలో తెలిపే 4 నుంచి 20 మిల్లీఆంపియర్ల రకం తీసుకోండి. ట్యాంకు పూర్తిగా ఖాళీ అయినా అందులో 4 మిల్లీఆంపియర్ల కరెంటు ప్రవహిస్తూనే ఉంటుంది. కాబట్టి సున్నా కనిపించిందంటే నీళ్ళు అయిపోయాయని కాదు, తీగను ఎలుక కొరికిందని అర్థం. ఈ తేడా తెలియని పరికరం తీగ తెగినప్పుడల్లా సంపు ఖాళీ అనుకొని బోరు మోటారు వేస్తుంది.

తరువాత, కబురు చేరవేయడం. కాంక్రీటు స్లాబు కింద ఉన్న సంపులోంచి వైఫై బయటికి రాదు కాబట్టి సెన్సరు లోపల, దాని అంకెలను చదివి పంపే బోర్డు వాచ్‌మన్ గదిలో ఉండాలి. పై ట్యాంకు నుంచి కిందికి మీ భవనంలో కరెంటు తీగల డక్టు ఉంటే అందులోంచి ఆర్‌ఎస్-485 (తీగ మీద అంకెలను దూరం పంపే పద్ధతి) తీగ లాగండి. తక్కువ వేగంలో 1,200 మీటర్ల దాకా పనిచేసే పద్ధతికి అయిదంతస్తులు ఒక లెక్క కాదు. డక్టు లేకపోతే చిన్న సందేశాలను దూరం పంపే లోరా రేడియో వాడవచ్చును, మన దేశంలో 865 నుంచి 867 మెగాహెర్ట్‌జ్ పట్టీకి లైసెన్సు అక్కరలేదు. ఒక్క భవనం కోసం సిమ్ కార్డులూ నెలనెలా రీచార్జీలూ మాత్రం నాకు దండగగానే తోస్తాయి.

బోర్డుకు ఈఎస్‌పీ-32 అనే వైఫై ఉన్న చిప్ సరిపోతుంది. అది 2.4 గిగాహెర్ట్‌జ్ వైఫైని మాత్రమే పట్టుకుంటుందని గుర్తుంచుకోండి, 5 గిగాహెర్ట్‌జ్ మాత్రమే ఇచ్చేలా పెట్టిన రౌటరు దానికి కనబడదు. కబురు పంపడానికి ఎంక్యూటీటీ అనే సందేశాల పద్ధతి వాడండి. 1999లో ఎడారిలోని చమురు పైపులైన్లను ఉపగ్రహం ద్వారా గమనించడానికి పుట్టిన పద్ధతి అది, అరకొర నెట్‌లో కూడా నెట్టుకొస్తుంది. అందులో వీలునామా లాంటి ఏర్పాటు ఒకటి ఉంది: బోర్డు ముందే ఒక సందేశాన్ని బ్రోకరు (కబుర్లను అందుకొని పంచే సర్వరు) దగ్గర దాచి ఉంచుతుంది, బోర్డు ఉన్నట్టుండి మాయమైతే బ్రోకరే ఆ సందేశాన్ని అందరికీ పంపుతుంది. ఇది పెట్టకపోతే, చనిపోయిన సెన్సరు నిన్నటి అంకెనే చూపిస్తూ ఉంటే మీరు ట్యాంకు నిండుగా ఉందనుకుంటారు.

కోఠి గుజరాతీ గల్లీలో దొరికే నీలం రంగు రిలే (బోర్డు ఆజ్ఞతో పనిచేసే చిన్న స్విచ్) మీద 10 ఆంపియర్లని రాసి ఉంటుంది, దాన్ని నమ్మి మోటారు తీగను నేరుగా కలపవద్దు. మోటారు మొదలయ్యే క్షణంలో మామూలు కరెంటుకు అయిదారు రెట్లు లాగుతుంది, అప్పుడు రిలే పలకలు కరిగి అతుక్కుపోతే ఆఫ్ నొక్కినా ఆగదు. రిలే చేత కాంటాక్టరు (మోటారు భారం తట్టుకునే పెద్ద స్విచ్) కాయిల్‌ను మాత్రమే నడిపించండి. ఆ పని ఎలక్ట్రీషియన్ చేతిమీదుగానే జరగాలి.

ట్యాంకరు లెక్క చాలా సులువు. సంపు లోపలి కొలతలు చెప్పండి.

మియాపూర్ నివాసి

ఎంతో ఓపికగా రాశారు, కృతజ్ఞతలు. సంపు లోపల 4 మీటర్లు, 3 మీటర్లు ఉంది. పై ట్యాంకు 4 మీటర్లు, రెండున్నర మీటర్లు.

ఎంబెడెడ్ ఇంజనీరు, నల్లగండ్ల

అయితే సంపులో ఒక సెంటీమీటరు అంటే 120 లీటర్లు, పై ట్యాంకులో 100 లీటర్లు. 5,000 లీటర్లు పడితే సంపు మట్టం దాదాపు 41.7 సెంటీమీటర్లు పెరగాలి. పోస్తున్నంతసేపూ బోరు, మంజీరా రెండూ సంపులోకి రాకూడదు, పైకి ఎక్కించే మోటారు కూడా నడవకూడదు.

జవాబు: గచ్చిబౌలి పరిశోధక విద్యార్థి

ఫ్లాటుకొక మీటరు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను రాస్తున్నాను. మన అపార్ట్‌మెంట్లలో పై ట్యాంకు నుంచి వంటగదికి ఒక పైపు, ఒక్కో స్నానాలగదికి ఒక్కో పైపు వేరువేరుగా దిగుతాయి. అంటే ఫ్లాటుకు ఒక మీటరు కాదు, మూడు నాలుగు కావాలి. మీ 20 ఫ్లాట్లకు లెక్క వేసుకుంటే 60 నుంచి 80 దాకా అవుతాయి. అంత ఖర్చు పెట్టే ముందు భవనంలోకి వచ్చే నీటినీ, బోరునూ, ట్యాంకరునూ కొలవండి. జలమండలి నెలకు 20,000 లీటర్ల ఉచిత నీటి పథకం 2021 జనవరిలో మొదలైనప్పటి నుంచి పనిచేసే మీటరు ఉండడం ఎలాగూ అవసరమైంది కదా, ఆ పాత మీటరునే వాడుకోవచ్చును. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ పరిశోధకులు ముళ్ళూ అంకెలూ ఉన్న మామూలు మీటరు ముందు చిన్న కెమెరా అమర్చి, ఫొటోలోని అంకెలను కంప్యూటరు చేత చదివించే పద్ధతిని తయారుచేశారు. పైపు కోయనక్కరలేదు.

ఒకవేళ ఫ్లాటు మీటర్లే పెడితే నిమిషానికొకసారి కాకుండా రోజుకొకసారి మాత్రమే లెక్క తీసుకోండి. ఏ ఫ్లాటులో ఉదయం నుంచి చుక్క నీరు కదలలేదో చూస్తే ఆ ఇంటివారు ఊళ్ళో లేరని ఎవరికైనా తెలిసిపోతుంది. ఆ లెక్క సంఘం వాట్సాప్ గుంపులో తిరగడం ఎవరికీ మంచిది కాదు. పరికరాలతో వచ్చిన పాస్‌వర్డులు కూడా మొదటి రోజే మార్చండి. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ (హానిచేసే ప్రోగ్రాము) లక్షల కెమెరాలనూ రౌటర్లనూ వశపరచుకున్నది కేవలం ఆ మార్చని పాస్‌వర్డుల వల్లనే.

మియాపూర్ నివాసి (మూడు వారాల తరువాత)

సంపులో పీడన సెన్సరు, పైన గొట్టం ముక్క మీద అల్ట్రాసోనిక్, ఫ్లోట్ స్విచ్ బిగించాము. డక్టులోంచి తీగ లాగడానికి ఎలక్ట్రీషియన్‌కు ఒక పూట పట్టింది. రౌటరు ప్లగ్ పీకి చూశాము, ట్యాంకు నిండగానే మోటారు ఆగింది.

మొదటి ట్యాంకరుకు సంపు మట్టం 35 సెంటీమీటర్లే పెరిగింది, అంటే 4,200 లీటర్లు. డ్రైవరుతో గట్టిగానే మాట్లాడాను. అతను ఏమీ అనకుండా రసీదు ఇచ్చి వెళ్ళిపోయాడు. సాయంత్రం గ్రాఫు తెరిచి చూస్తే, అదే సమయంలో పై ట్యాంకు 8 సెంటీమీటర్లు పెరిగి ఉంది. ట్యాంకరు పోస్తుండగానే వాచ్‌మన్ అలవాటు కొద్దీ ఎనిమిది నిమిషాలు మోటారు వేశాడట. తగ్గిన 800 లీటర్లూ మిద్దెమీదే ఉన్నాయి. మరునాడు డ్రైవరు వచ్చినప్పుడు ఫోనులో రెండు గీతలూ చూపించి క్షమాపణ చెప్పుకున్నాను. అతను ఆ గ్రాఫును తన ఫోనులో ఫొటో తీసుకొని, పక్క వీధి అపార్ట్‌మెంటు వారు కూడా తనతో ఇదే గొడవ పడుతున్నారని, వాళ్ళకూ ఇది బిగించమని చెప్పగలరా అని అడిగాడు.

ఇంకొక్క సందేహం: పై ట్యాంకు మట్టం మధ్యాహ్నం 2 గంటల నుంచి 4 గంటల దాకా ఎవరూ నీళ్ళు వాడకపోయినా రెండు సెంటీమీటర్లు పెరిగినట్టు కనిపిస్తున్నది. ఉష్ణోగ్రత సెన్సరును మేము మూత బయట బిగించాము. దాన్ని లోపలికి మార్చాలా?

ఎంబెడెడ్ ఇంజనీరు, నల్లగండ్ల

తప్పకుండా మార్చాలి. ధ్వని ప్రయాణించేది లోపలి గాలిలో కాబట్టి ఆ గాలి వేడినే కొలవాలి. నీటి తుంపర పడకుండా అల్ట్రాసోనిక్ పక్కనే, గొట్టం లోపలి గోడకు అతికించి చూడండి.