న్యూరాలజిస్టుల సంఘాన్ని మా ఊళ్లో ఫిట్స్ క్యాంపు పెట్టమని అడగొచ్చా?

మాది ఉదయగిరి వైపు పల్లె. మా చిన్నాన్న కొడుక్కి ఫిట్స్. మాత్రలతో బాగానే ఉన్నాడు, టెన్షనంతా చుట్టూ ఉన్నవాళ్లతోనే! మొన్న బస్టాండులో పడిపోతే ఒకరు చేతిలో తాళాలగుత్తి పెట్టారు, ఇంకొకరు పళ్ల మధ్య స్పూను దూర్చబోయారు. పక్కకు తిప్పి పడుకోబెట్టాలని, ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలని ఒక్కరికీ తెలియదు.

న్యూరాలజిస్టుల సంఘాలు డాక్టర్లకు సదస్సులే కాదు, జనానికి అవగాహన శిబిరాలూ పెడతాయి కదా. నవంబరు 17 జాతీయ మూర్ఛ దినోత్సవం. ఆ రోజుకి ఒక డాక్టరుగారిని పంపమని అడగాలంటే సంఘంలో ఎవరికి రాయాలి? పంచాయతీ లెటర్‌హెడ్ మీద రాస్తే చాలా, పీహెచ్‌సీ ద్వారా వెళ్లాలా? నెల్లూరు, ఒంగోలు వైపు ఎవరైనా ఇలా పెట్టించి ఉంటే కాస్త చెప్పండి. బడి పిల్లలకూ చెప్పిస్తే ఇంకా మంచిది.