పై సంతకం తుడిపించాలా, ఉంచాలా?

హేగ్_వాన: డెల్ఫ్ట్‌లో కాలువ గట్టు సంతలో 140 యూరోలకు ఒక పాత ఆయిల్ పెయింటింగ్ కొన్నాను. పచ్చిక, గాలిమర, సగానికి పైగా మబ్బులే. కింద కుడి మూల 'జె.హెచ్. వైసెన్‌బ్రూఖ్' అని సంతకం. 1903లో పోయిన చిత్రకారుడు, హేగ్ స్కూల్ అనే డచ్ చిత్రకారుల బృందంలో ఒకడు. ఆయనదైతే నాకెందుకు దొరుకుతుంది! యూవీ టార్చి వేస్తే వార్నిష్ ఆకుపచ్చగా మెరిసింది, సంతకం నల్లగా పైన తేలింది. దాని కింద ఇంకేవో అక్షరాల నీడ. పైది తుడిపించనా?

పాతకాన్వాసు: తుడిపించండి. ముందు భూతద్దంతో చూడండి, సంతకం రంగు పగుళ్లలోకి దిగిందా? దిగితే బొమ్మ ముసలిదయ్యాక పెట్టినదే. పెద్ద పేరు పెడితే రేటు వస్తుంది, గీసినవాళ్లు మాత్రం గల్లంతు. హార్లెంలో 1633లో చిత్రకారుల గిల్డ్‌లో చేరిన జుడిత్ లేస్టర్‌కి జరిగిందదే. ఆవిడ 1630 నాటి బొమ్మ ఫ్రాన్స్ హాల్స్ అనే పెద్ద డచ్ చిత్రకారుడి పేరుతో చేతులు మారింది. 1893లో హోఫ్‌స్టెడె డె గ్రూట్ అనే కళా చరిత్రకారుడు అందులో ఆవిడ పొడి అక్షరాలు, పక్కన నక్షత్రం పట్టుకున్నాడు. లేస్టర్ అంటే ధ్రువతార కదా, అదీ ఆవిడ గుర్తు. ఇప్పుడది పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఆవిడ పేరుతోనే ఉంది.

కాఫీ_కప్పు: ఆవులున్నాయా అండీ?

రేణిగుంట_బండి: తుడిపించొద్దు. దూది ఆగమన్న చోట ఆగదు, కింది అక్షరాలు కూడా పోతే? ఇక పగుళ్లంటారా, అరిగిన అసలు సంతకాన్ని ఎవరైనా దిద్దినా ఆ రంగూ పగుళ్లలోకి దిగుతుంది.

పాతకాన్వాసు: దిద్దితే అదే పేరు దిద్దుతారు. కింద వేరే అక్షరాలెందుకుంటాయి?

రేణిగుంట_బండి: వేరేవని ఎవరన్నారు? నీడ అన్నారంతే.

హేగ్_వాన: చూశానన్నా. రెండు చోట్ల దిగింది, ఒక చోట దిగలేదు.

పాతకాన్వాసు: చూశారా!

రేణిగుంట_బండి: చూశారా!

పాతకాన్వాసు: కొందరికి పేరే కావాలి, బొమ్మ అక్కర్లేదు.

రేణిగుంట_బండి: ఆ మాట మీరనకండి సార్. ఆరేళ్ల కింద నా రొట్టెల బొమ్మ ఫొటో చూసి 'ఎవరో అనుకరించింది, వచ్చిన కాడికి ఇచ్చెయ్' అన్నది మీరే. 200కి ఇచ్చేశాను. ఏడాది తిరక్కుండా అదే ఫ్రేమ్, అదే చిరుగు, ఒక వేలం కేటలాగులో చిన్న చిత్రకారుడి పేరుతో కనబడింది. 1,800కి పోయింది.

పాతకాన్వాసు: వెనక పాత లేబుల్ ఉందని మీరు చెబితేగా! ముందువైపు ఫొటో ఒక్కటే పెట్టారు. సరే, తప్పే చెప్పాను. ఆ చిత్రకారుడికి పేరైనా దక్కింది కదా.

రేణిగుంట_బండి: ఆయనకి పేరు, కొన్నవాడికి డబ్బు. నాకు గోడ మీద మేకు. ఫొటో చూసి తీర్పు చెప్పేవాళ్లకి పోయేదేముంది? తుడిచాక తప్పని తెలిస్తే ఈయనకి ఎవరు తిరిగి రాసిస్తారు? నా గొడవ పగుళ్ల గురించి కాదు.

కాఫీ_కప్పు: హేగ్‌లో ఉంటూ ఇక్కడ అడుగుతారేంటండీ? ఆర్‌కేడీ అనే డచ్ కళా చరిత్ర సంస్థ మీ ఊళ్లోనే ఉంది, డచ్ చిత్రకారుల ఫొటోలు కుప్పలుగా ఉంటాయి. ముందు ఇన్‌ఫ్రారెడ్ ఫొటో తీయించండి, దాంతో బొమ్మకేం కాదు.

హేగ్_వాన: అలాగే. ఇంకో మాట, వెనకంతా బ్రౌన్ పేపర్ అంటించి ఉంది. చింపొచ్చా?

రేణిగుంట_బండి: చింపండి! వెనక వైపు పట్టించుకోకే నేను మునిగాను.

పాతకాన్వాసు: చింపకండి. అంచు వెంబడి బ్లేడుతో మెల్లగా విప్పండి, ఆ పేపర్ మీద కూడా ఏదైనా రాసి ఉండొచ్చు.