టెక్సస్‌లో ఏఆర్‌డీ మీటింగ్: స్పీచ్ థెరపీ పెంచమని ఎలా అడగాలి?

నమస్తే అండి. మేం డాలస్ దగ్గర ఉంటాం. మా బాబుకి ఆరేళ్లు, ఆటిజం. స్పెషల్ ఎడ్యుకేషన్ కోసం వాణ్ని పరీక్షించమని స్కూల్లో మొదట నోటిమాటగా అడిగి రెండు నెలలు పోగొట్టుకున్నాను. ఈమెయిల్ పెట్టాకే కదలిక వచ్చింది. రాసిస్తే 15 స్కూల్ రోజుల్లో జవాబివ్వాలని రూలట, ముందే తెలిస్తే బాగుండేది!

పరీక్షలన్నీ అయ్యాయి. వాడికి స్కూల్లో ఏ సాయం ఎంత ఇవ్వాలో తల్లిదండ్రులతో కూర్చుని తేల్చే ఏఆర్‌డీ మీటింగ్ వచ్చే వారమే, ఒకటే టెన్షన్. స్పీచ్ థెరపీ వారానికి 30 నిమిషాలే ఇస్తామంటున్నారు. వాడు ఇంట్లో తెలుగులో రెండు మాటలు కలిపి కూడా అనలేడు, అదెక్కడ సరిపోతుంది?

ఒప్పుకోకపోతే 10 స్కూల్ రోజుల్లోపు మళ్లీ కూర్చోవడానికి వాయిదా ఇస్తారు కదా, అలా అడిగినవాళ్లున్నారా? ఆ లోపు ఏం కాగితాలు తయారుచేసుకున్నారు? మా ఆవిడకి ఇంగ్లీష్ అంతగా రాదు. తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని ఎన్నాళ్ల ముందు చెప్పాలి?