ఇన్‌స్టాలో పూతరేకులు అని కొడితే మా పేజీ ఎందుకు రావట్లేదు?

గోదారిగట్టు:
అందరికీ నమస్తే అండి. మాది ఆత్రేయపురం, ఇంట్లో అమ్మా పిన్నీ రేకులు తీస్తారు, నేను హైదరాబాద్‌లో జాబ్ చేసుకుంటూ ఇన్‌స్టా పేజీ చూస్తున్నా. రెండేళ్ళయింది. బోర్లించిన కుండ మీద పిండిలో ముంచిన గుడ్డ ఇలా పరిచి అలా తీసేసరికి రేకు వచ్చేసే రీల్ ఒకటి బాగా పోయింది, "ఎక్కడండీ ఇది" అని కామెంట్లు కూడా పడ్డాయి. కానీ సెర్చ్‌లో పూతరేకులు అని కొడితే నా ఫోన్‌లో మా పేజీయే ఫస్ట్, మా బావ ఫోన్‌లో ఎంత కిందకి తోసినా కనపడదు. 2023లో మా ఊరి రేకులకి జీఐ ట్యాగ్, అదే ఫలానా ఊరి సరుకని ఇచ్చే గుర్తింపు, వచ్చింది కదా ఇంక మనకి తిరుగులేదనుకున్నా, చూస్తే ఊరి మొహం చూడని పేజీలు పైన కూర్చున్నాయి. హ్యాష్‌ట్యాగ్‌లు బోలెడు పెడతాను, ఫస్ట్ కామెంట్‌లో. ఒకాయన ఐదు వేలిస్తే ఫాలోవర్స్‌ని పెంచి పైకి తెస్తా అంటున్నాడు, ఇవ్వచ్చా?

చెరుకుగడ:
ముందు ఆ ఐదు వేలు జేబులో పెట్టుకోండి. కొన్న ఫాలోవర్లు రేకులు కొనరు. మీ ఫోన్‌లో ఫస్ట్ రావడం పెద్ద విషయం కాదండి, రోజూ ఆ పేజీలోనే ఉంటారు కాబట్టి ఇన్‌స్టా మీకు అదే చూపిస్తుంది, ఎప్పుడైనా మీ బావగారి ఫోన్‌లోనే చూసుకోండి. ఇంకోటి, హ్యాష్‌ట్యాగ్‌లు, కీవర్డ్స్ కామెంట్‌లో కాదు క్యాప్షన్‌లో పెట్టమని ఇన్‌స్టా వాళ్ళే 2021లో చెప్పారు. ఇంతకీ పేజీ పేరేంటి, బయోలో ఏముంది?

గోదారిగట్టు:
పేరు ఇక్కడ రాస్తే యాడ్ అంటారేమో. అమ్మమ్మ పేరండి, ఫాంట్ల యాప్‌లోంచి వంకర అక్షరాలు కాపీ చేసి పెట్టా, చూడ్డానికి బావుంటుందని. బయోలో "ప్రేమతో చేసిన రుచి" అని, ఒక గుండె బొమ్మ.

మగ్గంముచ్చట్లు:
గదే లొల్లి అన్నా. మేం పోచంపల్లి చీరలు అమ్ముతం, మేం గూడ గట్లనే వంకర అక్షరాలు పెట్టినం. మన కంటికి అవి అక్షరాలే గానీ లోపల వేరే గుర్తులు, మామూలుగ టైప్ చేసినోనికి మా పేజీ దొరకలే, మామూలు అక్షరాలకు మార్చినంక దొరికింది. నీ పేజీలో పూతరేకులు అన్న ముక్క ఏడుంది చెప్పు? పేరుల లేదు, బయోల లేదు. మీ అమ్మమ్మ పేరు కొట్టి వెతికేది మీ చుట్టాలే కదా. యూజర్‌నేమ్ ముట్టకు, డబ్బాల మీద ప్రింట్ చేయించి ఉంటవు. దాని కింద నేమ్ అని వేరేగ ఉంటది, అండ్ల అమ్మమ్మ పేరు పక్కన ఆత్రేయపురం పూతరేకులు అని పెట్టు. ఆలోచించి పెట్టు మల్ల, 14 రోజులల్ల రెండుసార్లే మార్చనిస్తది.
ఇగ ఇంగ్లీషు స్పెల్లింగ్ ముచ్చట. మాకు ఇక్కత్‌తోనే తల తిరిగింది, ఒక కే అని ఒకరు, రెండు కేలు అని ఒకరు. నీది ఇంకా ఘోరం, పూకి యూ పెట్టేటోళ్ళు, రెండు ఓలు పెట్టేటోళ్ళు, త పక్కన హెచ్ తగిలిచ్చేటోళ్ళు, అసలు పేపర్ స్వీట్ అని కొట్టేటోళ్ళు. ఎక్కువ మంది కొట్టే స్పెల్లింగ్ నేమ్‌ల పెట్టు. తెలుగుల రాసిందీ, మిగిలిన స్పెల్లింగులూ బయోల, క్యాప్షన్లల్ల తిప్పి తిప్పి వాడు. అన్నీ ఒక్క పోస్టుల కుక్కకు, చదివేటోడు పారిపోతడు. పోస్టుకు లొకేషన్ గూడ పెట్టు.

కాఫీటైమ్:
నాకైతే ఈ సెర్చ్ గోల అంత అవసరం అనిపించదు. మా అక్కవాళ్ళకి పచ్చళ్ళ ఆర్డర్లన్నీ పాత కస్టమర్లు వాట్సాప్‌లో పంపేవే, సెర్చ్ చేసి వచ్చినవాడు రేటు అడిగి మాయం. కాకపోతే 2025 జూలై నుంచి ప్రొఫెషనల్ అకౌంట్ల పబ్లిక్ పోస్టులు గూగుల్‌లో కూడా వస్తున్నాయి, అందుకోసమైనా క్యాప్షన్ సరిగ్గా రాయడం మేలే. మీ రీల్‌కి ఏం రాశారో?

గోదారిగట్టు:
"వావ్" అని రాశా. నవ్వకండి.

గోదారిగట్టు:
మూడు వారాల తర్వాత వచ్చా. నేమ్ మార్చా, బయోలో బెల్లం, పంచదార, డ్రైఫ్రూట్ పూతరేకులు, ఆత్రేయపురం అని పెట్టా, గుండె బొమ్మ ఉంచుకున్నా. పాత పోస్టుల క్యాప్షన్లు కూర్చుని తిరగరాశా, ఆ రీల్ కింద జయ బియ్యం ఎందుకు వాడతారో, రేకు ఎలా తీస్తారో అమ్మని అడిగి రాశా. ఇప్పుడు బావ ఫోన్‌లో ఊరి పేరు కలిపి కొడితే నాలుగోది మాదే, ఉత్త పూతరేకులు అంటే మాత్రం ఇంకా లేదు. బెంగళూరు నుంచి ఒకావిడ సెర్చ్‌లో చూశానని రెండు డబ్బాలు తీసుకున్నారు. అమ్మేమో ఆ రీల్‌లో తన చెయ్యి నల్లగా పడిందంట, తీసెయ్యమని ఒకటే గొడవ.